తలకిందుల కోడిపుంజు

కో ఖా, లంపాంగ్
ఏప్రిల్ 20

ముయ్ అక్కా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. కూర్చో. చేతిలో మాంసం కత్తి ఉంటే పక్కన పెట్టు.

నన్ను టీచర్ని చేశారు! నాలుగో తరగతితో బడికి దండం పెట్టేసిన ఈ బువాఖమ్‌ని! లంపాంగ్ కాలేజీలో, పింగాణీ విభాగంలో, వారానికి మూడు రోజులు. రెండు రోజులుగా నా కాళ్ళు నేలమీద ఆనడం లేదు.

ఎలా జరిగిందో చెబుతాను. నీళ్ళ పండగ అయిపోయి తడిసిన బట్టలింకా ఆరనేలేదు. సంతలో నా అప్పచ్చుల బండి దగ్గరకు కళ్ళద్దాల కుర్రాడొకడు వచ్చాడు. అప్పచ్చులు కొనడం మానేసి ధరల పలకకేసి చూస్తున్నాడు. బేరం లేనప్పుడు దాని చుట్టూ నల్లరంగుతో గీతలు వేస్తూ ఉంటానులే.

"ఇవి ఎవరు వేశారండీ?" అన్నాడు.

"నేనే."

"ఇవి పుంజు తోకలు కదూ?"

"మరేమనుకున్నావు నాయనా, చీపురు కట్టలా?" అన్నాను. హెంగ్ తాత షెడ్డులో ఇరవై ఎనిమిదేళ్ళు పింగాణీ గిన్నెల మీద కోడిపుంజులు వేశానని కూడా చెప్పాను. అంతే, చేపలమ్మే ఆవిడ కళ్ళప్పగించి చూస్తుండగా రెండు చేతులూ నుదుటిదాకా ఎత్తి నాకు నమస్కారం పెట్టాడు. ఆయన పేరు ధీరాయుత్. కాలేజీలో మాస్టారట. ఆయన అడగడం పూర్తి కాకముందే నేను ఒప్పేసుకున్నాను.

అక్కా, నీకు తెలుసు కదా, రెండేళ్ళ కిందట షెడ్డులోకి గిన్నెల మీద అంటించే పుంజు స్టిక్కర్లు వచ్చి మమ్మల్నందరినీ ఇంటికి పంపేశాక మళ్ళీ కుంచె పట్టింది లేదు. అప్పచ్చుల మీద బెల్లంపాకం పోసేటప్పుడు కూడా నా చెయ్యి తోకలాగే తిరుగుతుంది. ఇప్పుడు కుంచె దానంతటదే వెనక్కి వచ్చింది. దాన్ని మళ్ళీ పోగొట్టుకోలేను.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అప్పుడు గుర్తొచ్చింది. నేను వేసింది తోక! తోకా, రెండు కాళ్ళూ. తల, రొమ్ము, రెక్క నువ్వు వేసేదానివి. నా జన్మలో ఒక్క పూర్తి పుంజుని వేసిన పాపాన పోలేదు. జూన్‌లో గురుపూజ రోజున అందరి ముందూ ఒక గిన్నె మొదటినుంచి చివరిదాకా వేసి చూపించాలట. పుంజు పక్కనుండే పువ్వూ అరటాకూ ఎలాగో గీకేస్తాను. తల మాత్రం నువ్వే నేర్పాలి. కాలేజీలో ఫోనుంది, కానీ కోడి తలని ఫోనులో ఎలా చెబుతావు? కాగితాల మీద వేసి పంపు.

ఎవరికీ చెప్పకు. మీ ఆయనకి అసలే చెప్పకు.

నీ చెల్లి,
బువా


ట్రాంగ్
మే 2

ఒసేయ్ బువా,

కూర్చోమన్నావు, కూర్చున్నాను. లేవడానికి మా ఆయన చెయ్యందించాల్సి వచ్చింది. అంత నవ్వాను. ఎందుకు నవ్వుతున్నావంటే చెప్పక తప్పలేదు. ఇప్పుడు మా వీధి వీధంతటికీ తెలుసు.

పదకొండు తలలు పంపుతున్నాను. కాగితం జిడ్డుగా ఉందని ముక్కు మూసుకోకు. మా కొట్లో మాంసం చుట్టిచ్చే కాగితమే దొరికింది. చూసి నేర్చుకో. మెడ ఒకే గీత, మధ్యలో ఊపిరి పీల్చకూడదు. రొమ్ము ఇంకో గీత, అక్కడ కుంచెని పొట్టదాకా అదిమి తేలికగా లేపెయ్యాలి. జుట్టుకి మూడు చుక్కలు. నాలుగు పెట్టావంటే కిరీటం అవుతుంది. ఇక కన్ను. వెంట్రుకవాసి పైకి పోతే తాగినవాడిలా ఉంటుంది, వెంట్రుకవాసి కిందకి జారితే పన్ను వసూలుకి వచ్చినవాడిలా ఉంటుంది. మధ్యలో పెట్టు.

ఒక మాట చెబుతాను, కోప్పడకు. పుంజంటే తలే. తోకంటే ఏముంది, కోడి వెనకభాగం. ఈ మాట నీకు షెడ్డులోనూ చెప్పాను, అప్పుడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు తొమ్మిది వందల మైళ్ళ దూరంలో ఉన్నాను, ధైర్యంగా అంటున్నాను.

నిజం చెప్పనా? మా ఆయన ఛువన్ గిన్నెలు కొనడానికి వచ్చి గిన్నెలు వేసేదాన్ని పట్టుకొచ్చేశాక, ఈ తొమ్మిదేళ్ళలో నేనూ కుంచె ముట్టుకోలేదు. నీకోసం మొదటి తల వేశాక రెండోది ఆపలేకపోయాను. కొట్లో ఉన్న కాగితమంతా తలలే. పొద్దున్నే కాఫీకీ వేపుడు మాంసానికీ వచ్చినవాళ్ళు పొట్లం చూసి, "ఏం ఛువన్, పందిని మానేసి కోడిలోకి దిగావా?" అంటున్నారట. మా ఆయన నా చేతిలోంచి కుంచె లాక్కుందామని చూశాడు. అట్లకాడ చూపించాను.

నీ ముయ్ అక్క


కో ఖా
మే 24

ముయ్ అక్కా,

నీ తలలు అందాయి. మా పిల్లి కవరు చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసింది.

నెత్తీ నోరూ కొట్టుకున్నా తల రాలేదు. మొదటిది బాతయింది. రెండోది మా మేనత్త. అలవాటుకొద్దీ ముందు తోక వేసేసి దానికి సరిపడా ఒళ్ళు వెయ్యబోతే, పుంజు కాస్తా తోకున్న గుమ్మడికాయై కూర్చుంది. విసుగొచ్చి నీ కాగితాన్ని తలకిందులుగా తిప్పి, గిన్నెనీ షెడ్డులో పట్టుకున్నట్టే అంచు నా పొట్టవైపుకి పెట్టి, తలకిందుల తల వేశాను. వచ్చేసింది! తిప్పి చూస్తే నీ పుంజే నా మొహంలోకి చూస్తోంది. నేను ఇరవై ఎనిమిదేళ్ళు పుంజుని తలకిందులుగానే చూశాను కదా, నా చేతికి అదే తెలుసు.

అసలు సంగతి ఇది కాదు. క్లాసులు మొదలయ్యాయి. ఇరవై నలుగురు పిల్లలు. మొదటి రోజు కంగారులో ఏమీ ఆలోచించకుండా గిన్నె తిరగేసి తోక వేశాను. మాస్టారు నోరెళ్ళబెట్టాడు.

"తలకిందులుగా వేస్తారా?"

"తోక అలాగే వేస్తారండీ. మా షెడ్డులో అంతే."

"అంటే ఇది పాత పద్ధతా?"

"నేను చేరిన మొదటి రోజే చెప్పారండీ, ఇక్కడ ఇలాగే వెయ్యాలని."

ఇందులో అబద్ధం ఏదైనా ఉందా చెప్పు! కానీ ఆ కుర్రాడి కళ్ళు దీపాల్లా వెలిగిపోయాయి. ఇప్పుడు ఇరవై నలుగురూ గిన్నెలు తిరగేసే వేస్తున్నారు. సుపాన్నీ అని ఒక పిల్లుంది, కుండీలమ్మే వాళ్ళమ్మాయి. మూడోరోజుకే తోకలో వంపు పట్టేసింది. ఆ వంపు చూసి నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. నా చెయ్యి ఇంకొకళ్ళ ఒంటికి అంటించినట్టుంది అక్కా. ఇన్నేళ్ళూ నాకు ఇలాంటిది ఒకటుంటుందని తెలియనే తెలియదు.

మాస్టారు ఈ పద్ధతి మీద వ్యాసం రాస్తున్నాడు. మొదట ఎవరు పెట్టారు, హెంగ్ తాతా, ఆయన తండ్రా, చైనా నుంచే తెచ్చారా అని రోజూ అడుగుతున్నాడు. ఆ రోజు నాకు చెప్పింది నువ్వే కదా. నీకు ఎవరు చెప్పారు?

బువా


ట్రాంగ్
జూన్ 3

బువా,

ఇక్కడ వానలు. నిన్న పొద్దున మొదలై ఇంతవరకూ ఆగలేదు. పైకప్పు రెండుచోట్ల కారుతోంది. ఒకచోట గిన్నె పెట్టాను, ఇంకోచోట మా ఆయన్ని నిలబెట్టాను.

రబ్బరు తోటలవాళ్ళు పనిలేక పొద్దుటినుంచీ మా కొట్లోనే కూర్చుంటున్నారు. ఈ ఏడు పందుల ధర పెరిగింది. మా ఆడపడుచుకి పన్ను నొప్పి. మధ్యలో చిల్లుండే మా ట్రాంగ్ కేకు మీకు అక్కడ దొరుకుతుందా? దొరక్కపోతే పంపుతాను.

పిల్లలు బాగా నేర్చుకుంటున్నందుకు సంతోషం. కన్ను మధ్యలో పెట్టమని చెప్పు.

వాన పెరిగింది. ఉంటాను.

ముయ్


కో ఖా
జూన్ 8

ముయ్ అక్కా,

వాన గురించి రాశావు, పందుల గురించి రాశావు, మీ ఆడపడుచు పన్ను గురించి కూడా రాశావు. నేనడిగిన ఒక్కదానికి జవాబు లేదు. నిన్ను ఇరవై ఒక్క ఏళ్ళు ఎదురుగా కూర్చుని చూశాను. నువ్వు ఏదైనా దాచినప్పుడే ఇంత మంచిగా మాట్లాడతావు.

ఇక్కడ వ్యవహారం ముదిరిపోయింది. గేటుమీద బ్యానరు కట్టారు. "లంపాంగ్ తలకిందుల పద్ధతి: మూడు తరాల గురుపరంపర" అని, పక్కన నా ఫొటో. ఫొటోలో నేను కన్ను కిందకి జారిన పుంజులా ఉన్నాను. బ్యాంకాక్ మ్యూజియం నుంచి ఒక పెద్దావిడ వస్తోంది. మా అప్పచ్చుల సంతవాళ్ళందరూ వస్తామంటున్నారు.

ఇరవయ్యో తారీకు, గురువారం. పిల్లలు గురువులకి పూల పళ్ళేలు పెట్టాక, నా గురువు ఎవరో, ఆ గురువుకి గురువు ఎవరో మైకులో చెప్పాలట. గురువు పేరు చెప్పుకోలేనివాళ్ళకి నేర్పే హక్కు లేదు కదా, ఆ మాట నిజమే. నువ్వు చెప్పకపోతే నేనేం చెప్పాలి?

వెంటనే రాయి. కేకు పంపకు.

బువా


ట్రాంగ్
జూన్ 12, ఎక్స్‌ప్రెస్ పోస్టు

బువా,

ఇది నువ్వు కూర్చుని చదువు. చేతిలో ఏదైనా ఉంటే, నిజంగానే పక్కన పెట్టు.

పద్ధతీ లేదు, పాడూ లేదు. హెంగ్ తాతకి ఏమీ తెలియదు. చైనాకి అంతకంటే తెలియదు.

నువ్వు చేరిన రోజు గుర్తుందా? పందొమ్మిదేళ్ళ పిల్లవి, కొత్త లంగా కట్టుకుని, ఊపిరి బిగబట్టుకుని నా ఎదురుబల్ల మీద కూర్చున్నావు. నేను తల వేసి గిన్నె అలాగే అందించాను. నాకు తిన్నగా ఉన్నది నీకు తలకిందులవుతుంది కదా. నువ్వు తిప్పబోయావు. నన్ను అల్లరి దయ్యం పట్టింది. "ఏయ్ పిల్లా, తిప్పకు! ఇక్కడ తోకలు తలకిందులుగానే వేస్తారు. తిప్పినట్టు తాత చూశాడంటే ఇంటికి పంపేస్తాడు" అన్నాను. పువ్వులేసేవాళ్ళు నోట్లో గుడ్డలు కుక్కుకుని నవ్వారు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు చెప్పేద్దామనుకున్నాను. మధ్యాహ్నానికి నువ్వు నా తలలకంటే వేగంగా తోకలు వేస్తున్నావు. సాయంత్రం తాత వచ్చి నీ తోక చూసి, "ఈ పిల్లని వదలకండి" అన్నాడు. ఇంక చెప్పే మొహం లేకపోయింది. రేపు చెబుదాం, పండక్కి చెబుదాం అనుకుంటూ ఇరవై ఒక్క ఏళ్ళు గడిచాయి. పెళ్ళయి వచ్చేసేటప్పుడు రైలు కిటికీలోంచి చెబుదామనుకున్నాను. నువ్వు ఏడుస్తున్నావు, చెప్పలేకపోయాను.

ఈ కాగితం చింపెయ్. హెంగ్ తాత తండ్రి చెప్పాడని చెప్పెయ్. పోయినవాళ్ళు వచ్చి కాదనరు. నా పిచ్చి సరదావల్ల నీ చేతిలోంచి కుంచె మళ్ళీ పోతే నేను తట్టుకోలేను.

ముయ్


కో ఖా
జూన్ 16

నీ పేరు రాయబుద్ధి కావడం లేదు.

ఇరవై ఎనిమిదేళ్ళు! నీకది ఒకపూట సరదా, నాకు బతుకంతా. మెడ పట్టేసినా గిన్నె తిప్పలేదు. తాత చూస్తాడేమోనని.

చెప్పేస్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆ ఇరవై నలుగురికీ నీ అల్లరిని శాస్త్రమని నేర్పినదాన్నవుతాను. సుపాన్నీ దాన్ని రేపు ఇంకొకళ్ళకి నేర్పుతుంది. ఆ పిల్ల మొహం చూడలేక మొన్న క్లాసుకి వెళ్ళలేదు.

గురువారం ఏం చేస్తానో తెలియదు. జవాబు రాయకు.

బువాఖమ్


కో ఖా
జూన్ 21

ముయ్ అక్కా,

బస్సులో పంపిన పూల పళ్ళెం అందిందా? అందకపోతే బస్సువాడిని పట్టుకో. అందులో ఏముందో, ఎందుకుందో చెబుతాను. నవ్వీ నవ్వీ నాకు డొక్కలు నొప్పి, వంకరగా రాస్తున్నాను.

నిన్న హాలు కిక్కిరిసిపోయింది. పిల్లలు మోకాళ్ళ మీద వచ్చి పళ్ళేలు పెట్టారు. గరిక, వంగపూలు, నూరువరహాలు, అన్నీ పద్ధతిగా గుచ్చి. సుపాన్నీ నా కాళ్ళ దగ్గర తల వంచింది. దాని జడలో తెల్లమట్టి ఎండిపోయి ఉంది. ఆ మట్టి చూశాక నావల్ల కాలేదు.

మైకు అందుకుని మొత్తం చెప్పేశాను. నేను పుంజులు వెయ్యలేదనీ, తోకలే వేశాననీ, తల నెల కిందట పోస్టులో నేర్చుకున్నాననీ. నా మొదటి రోజు, నువ్వన్న మాట, నోట్లో గుడ్డలు, ఏదీ దాచలేదు. "ఇందులో మూడు తరాలు లేవు. ఒక ఆకతాయి పిల్లా, ఒక అమాయకపు పిల్లా ఉన్నారు. అంతే" అని చెప్పి కుంచె బల్లమీద పెట్టేశాను. మాస్టారి చెవులు పుంజు జుట్టు చుక్కలకంటే ఎర్రగా అయ్యాయి. సరిగ్గా ఆయన నెత్తిమీదే బ్యానరు. అయిపోయిందిలే, రేపటినుంచి మళ్ళీ పాకం అనుకున్నాను.

మొదట నవ్వింది మ్యూజియం పెద్దావిడ. చిన్నగా కాదు, కుర్చీ చేతులు పట్టుకుని నవ్వింది. తర్వాత సంతవాళ్ళు. చేపలావిడ నవ్వుతుంటే పక్క వరసవాళ్ళు ఆవిడకి గాలి విసరాల్సి వచ్చింది.

సుపాన్నీ మాత్రం నవ్వలేదు. "టీచరమ్మా, మరైతే ఇప్పుడు తిన్నగా పట్టుకుని వేసి చూద్దామా?" అంది.

వేశారు. ఇరవై నలుగురూ. అక్కా, నువ్వు చూసి ఉండాల్సింది! వానలో తడిసిన కోళ్ళు, ముల్లంగి దుంపలు, ఒకడిదైతే మీసం. మళ్ళీ గిన్నెలు తిరగేశారు. తోకలు లేచి నిలబడ్డాయి. మాస్టారు కూడా చొక్కా చేతులు మడిచి కూర్చుని రెండు రకాలుగానూ వేశాడు. రెండూ ఘోరంగా ఉన్నాయి కానీ తలకిందులది కొంచెం తక్కువ ఘోరం. ఆయన రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాడు.

"పద్ధతి ఉంది కదండీ టీచరుగారూ. మూడు తరాలే లేవు" అన్నాడు. నిచ్చెన తెప్పించుకుని స్వయంగా ఎక్కి, బ్యానరు మీద 'మూడు తరాల' అన్న మాటని నల్లరంగుతో కొట్టేశాడు. దిగి, "మీ గురువుగారి పేరు చెప్పండి, పూజ ఆగిపోయింది" అన్నాడు.

ట్రాంగ్‌లో వేపుడు మాంసం అమ్మే ముయ్ గారు అని చెప్పాను. గట్టిగానే చెప్పాను.

అందరూ దక్షిణానికి తిరిగి నీకు నమస్కారం పెట్టాలన్నారు. దక్షిణం ఎటో ఎవరికీ తెలియదు. సగం మంది క్యాంటీనుకి పెట్టారు. వంటావిడ కంగారుపడి ప్రతినమస్కారం చేసింది. పిల్లలు పెట్టిన పళ్ళేల్లో ఒకటి నీ వాటాగా తీసి బస్సుకిచ్చాను. ఆ తర్వాత నేను గిన్నె వేశాను, మొదటినుంచి చివరిదాకా. కన్ను కాస్త తాగినట్టే వచ్చింది. అయినా నా పుంజు, మొత్తం నాదే.

నీమీద కోపం పోలేదు. ఇంకా రెండు నెలలు ఉంచుకుంటాను.

ఒక పని మిగిలింది. గిన్నె తిరగేస్తే తోక ఎందుకు బాగా వస్తుందని సుపాన్నీ అడిగింది. నాకు తెలియలేదు. మా గురువుగారిని అడిగి చెబుతానన్నాను. పిల్లలు ఎదురుచూస్తున్నారు. ఈసారి వాన గురించి రాయకు.

నీ చెల్లి,
బువా


ట్రాంగ్
జూలై 1

బువా,

పళ్ళెం వచ్చింది. వంగపూలు వాడిపోయాయి, గరిక పచ్చగానే ఉంది. నన్ను ఎవరైనా గురువనడం ఇదే మొదలు. కొట్టు మధ్యలో నిలబడి ఏడ్చాను. కాఫీ తాగేవాళ్ళు ఎవరో పోయారనుకుని లేచి నిలబడ్డారు. మా ఆయన వాళ్ళని కూర్చోబెట్టి, "మా ఆవిడకి నమస్కారం పెట్టారట, లంపాంగ్‌లో, క్యాంటీన్ వైపు తిరిగి" అని చెప్పాడు.

మీ సుపాన్నీ ప్రశ్నకి జవాబు కోసం మూడు రోజులు కొట్టు మా ఆయనకి వదిలేశాను. తిన్నగా పెట్టి తోక వేశాను. తలకిందులుగా వేశాను. పక్కకి పడుకోబెట్టి కూడా వేశాను. మూడూ చీపుర్లే. మీ పిల్లలకి వచ్చింది నాకు రాలేదు. ఎందుకంటే వాళ్ళు నిన్ను చూస్తూ నేర్చుకున్నారు. నేను ఇరవై ఒక్క ఏళ్ళు నీ ఎదురుగా కూర్చుని ఒక్కసారి కూడా తలెత్తి నీ చెయ్యి చూడలేదు. తోకంటే కోడి వెనకభాగం అనుకుంటూ కూర్చున్నాను.

కాబట్టి ఆ అమ్మాయికి ఇలా చెప్పు. గిన్నె తిరగేసింది నేను, అల్లరికి. తోకని లేపి నిలబెట్టింది నువ్వు, ఒంటిచేత్తో. తోకకి గురువు నేను కాదు, బువాఖమే. నేను చెప్పానని చెప్పు. ఇందులో ఆటపట్టించడం లేదు.

వచ్చే సోమవారం రైలెక్కుతున్నాను. బుధవారం మీ క్లాసుకి వస్తాను. నీ ఎదురుబల్ల మీద నాకు చోటు ఉంచు. ఈసారి తల నువ్వు వేసి గిన్నె అందించు, తోక నేను నేర్చుకుంటాను. ఎటు తిప్పి ఇచ్చినా నోరెత్తితే ఒట్టు.

ముయ్